సంతకం చెప్పేదెంత? రూటర్ ఫర్మ్‌వేర్ ధ్రువీకరణపై ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• రూటర్ ఆన్ అయినప్పుడు తన ఫర్మ్‌వేర్‌ను ఎలా సరిచూసుకుంటుందో వివరించగలుగుతారు.
• ఆ సరిచూపు ఏ ప్రశ్నకు జవాబిస్తుందో, ఏ ప్రశ్నలకు ఇవ్వదో వేరుచేసి చెప్పగలుగుతారు.
• 'సెక్యూర్ బూట్ ఉంది' అన్న ప్రకటనను విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

వనపర్తి జిల్లా కొత్తకోటలో ఒక ఇంటర్నెట్ కేంద్రాన్ని ఊహించండి. మీవంటి విద్యార్థులు పరీక్ష ఫీజు కట్టేదీ, హాల్ టికెట్ తీసుకునేదీ అక్కడే. రైతులు భూమి కాగితాల నకళ్ళకూ, ముసలివాళ్ళు పింఛను వివరాలకూ అక్కడికే వస్తారు. ఇదంతా గోడకు బిగించిన ఒక చిన్న రూటర్ గుండా పోవలసిందే. ఆ రూటర్‌ను నడిపించే ప్రోగ్రాము పేరే ఫర్మ్‌వేర్. దాన్ని ఎవరైనా రహస్యంగా మార్చితే, ఆ కేంద్రానికి వచ్చే ప్రతి ఒక్కరి రాకపోకలూ వారి గుప్పిట్లో పడతాయి. కంప్యూటర్లలో యాంటీవైరస్ ఉన్నా అది రూటర్ లోపలికి తొంగిచూడదు.

ఈ ప్రమాదానికి విరుగుడుగా తయారీదారులు చెప్పే మాట 'సెక్యూర్ బూట్'. పరికరం ఆన్ అయిన ప్రతిసారీ తనలోని ఫర్మ్‌వేర్ అసలుదో కాదో సరిచూసుకుంటుందని దాని అర్థం. ఈ వ్యాసం ఆ మాటను పరీక్షకు పెడుతుంది. ఆ పద్ధతి పనికిరాదని మేము అనడం లేదు. అది అవసరం. కాని అది జవాబిచ్చే ప్రశ్న చాలా చిన్నది, ప్రకటనలో మాత్రం దాన్ని చాలా పెద్దదిగా చూపుతున్నారు. ఈ తేడాను గుర్తించడమే ఈ పాఠం సారం.

2. పరికరం మేల్కొనే క్రమం

రూటర్‌కు కరెంటు అందగానే ప్రాసెసర్ మొదట చదివేది బూట్ రామ్‌ను. ఇది చిప్ తయారైనప్పుడే అందులో స్థిరపడిన చిన్న ప్రోగ్రాము. తరువాత దీన్ని మార్చడం వీలుకాదు. ఇది ఫ్లాష్ మెమరీలోని బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. బూట్‌లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను పిలుస్తుంది. కెర్నెల్ మిగిలిన ప్రోగ్రాములను నడిపిస్తుంది. చివరగా సెట్టింగులు అమలులోకి వస్తాయి.

సెక్యూర్ బూట్ ఉన్న పరికరంలో ప్రతి మెట్టూ తన తరువాతి మెట్టును నడిపించే ముందు సరిచూస్తుంది. ఇది రెండు పనులుగా జరుగుతుంది.

మొదటిది హాష్ విలువ లెక్కించడం. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా తీసుకుని 256 బిట్ల విలువగా కుదిస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఈ విలువ పూర్తిగా వేరుగా వస్తుంది.

రెండవది సంతకాన్ని సరిచూడటం. తయారీదారు తన ప్రైవేట్ కీతో ఆ హాష్ విలువకు డిజిటల్ సంతకం పెడతాడు. పరికరంలో పబ్లిక్ కీ మాత్రమే ఉంటుంది. సంతకం నిజమైనదేనని తేల్చడానికి అది చాలు. కొత్త సంతకం పెట్టడానికి అది పనికిరాదు. ఆ పబ్లిక్ కీని మరొకరు మార్చకుండా, దాని హాష్ విలువను చిప్‌లోని ఫ్యూజులలో ఒకేసారి రాసి వదిలేస్తారు. కాలిన ఫ్యూజు తిరిగి అతకదు కాబట్టి ఆ రాత శాశ్వతం.

ఈ విధంగా ఏర్పడే వరుసను నమ్మకపు గొలుసు అంటారు. దాని మొదటి కొక్కెం బూట్ రామ్, ఫ్యూజులలోని కీ. వీటిని విశ్వాస మూలం అంటారు. మిగిలిన ప్రతి మెట్టునూ ఎవరో ఒకరు సరిచూస్తారు. మొదటి కొక్కాన్ని సరిచూసేవారు లేరు. దాన్ని నమ్మాలి, అంతే. ఈ మాటను గుర్తుంచుకోండి. 5వ భాగంలో దీనితో పని ఉంది.

3. ఒక్కో ముద్ర, ఒక్కో ప్రశ్న

కొత్తకోట ప్రాంతం పట్టు చీరల నేతకు పేరున్న చోటు. చీర కొనేవారికి తెలిసిన విషయంతోనే మన విమర్శకు కొలబద్ద దొరుకుతుంది.

పట్టు చీరకు ఇప్పుడు రకరకాల ముద్రలున్నాయి. 2004లో మొదలైన సిల్క్ మార్క్, దారం అచ్చమైన పట్టేనని చెబుతుంది. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్, అది చేమగ్గం మీద నేసినదేనని చెబుతుంది. గద్వాల, నారాయణపేట చీరలకున్న భౌగోళిక గుర్తింపు, అవి ఏ ప్రాంతపు పనితనమో చెబుతుంది. 2015 ఆగస్టు 7న ప్రారంభించిన ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ నాణ్యతను ఉద్దేశించినది.

సిల్క్ మార్క్ ఉన్నంత మాత్రాన రంగు దిగదని ఎవరూ అనుకోరు. పట్టు అసలుదే కావచ్చు, అద్దకం నాసిరకం కావచ్చు. రెండూ వేర్వేరు ప్రశ్నలు. అందుకే తెలిసిన కొనుగోలుదారు ముద్ర చూసి ఆగిపోకుండా కొంగు విప్పి చూస్తాడు, అంచు వెనక్కి తిప్పి చూస్తాడు.

ఫర్మ్‌వేర్ సంతకం కూడా ఒక ముద్రే. అది చెప్పేది ఇంతే: 'ఫలానా కీ తమ దగ్గర ఉన్నవారు ఈ ఫైలుకు సంతకం పెట్టారు, ఆ తరువాత ఇది మారలేదు.' ఫైలులో లోపాలు లేవని అది చెప్పదు. ఇది ఇప్పటి ఫైలేనని చెప్పదు. ఆ కీ ఇంకా సరైనవారి దగ్గరే ఉందనీ చెప్పదు. చీర విషయంలో మనం కలపని ప్రశ్నలను, పరికరం విషయంలో 'సెక్యూర్' అనే ఒక్క మాటలో కలిపేస్తున్నాం.

4. ఈ పద్ధతి సాధించినది

విమర్శకుడు ముందుగా విషయానికి దక్కవలసిన మెప్పు ఇవ్వాలి. సంతకాన్ని సరిచూసే ఏర్పాటు లేని పరికరానికి ఏమవుతుందో 2015 సెప్టెంబరులో బయటపడింది. సిస్కో కంపెనీకి చెందిన 1841, 2811, 3825 వంటి పాత రూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలునే ఎవరో మార్చి పెట్టినట్టు మాండియంట్ సంస్థ పరిశోధకులు వెల్లడించారు. దానికి 'సిన్‌ఫుల్ నాక్' అని పేరు పెట్టారు. మొదట గుర్తించిన 14 రూటర్లు నాలుగు దేశాలలో ఉన్నాయి: ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్, మెక్సికో, భారతదేశం. కాబట్టి ఇది మనకు దూరపు కథ కాదు.

ఇందులో రెండు సంగతులు గమనించండి. దాడి చేసినవారు ఫైలు పరిమాణం మారకుండా జాగ్రత్తపడ్డారు. ఉన్న కోడు మీదనే తమ కోడు రాశారు. పరిమాణం చూసి నమ్మే నిర్వాహకుడికి తేడా తెలిసే అవకాశం లేదు. రెండవది, లోపలికి రావడానికి వారికి గొప్ప కిటుకు అవసరం కాలేదు. దొంగిలించిన లేదా మార్చని పాస్‌వర్డులు చాలునని పరిశోధకులు భావించారు. ఒకసారి లోపలికి వచ్చాక, రూటర్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేసినా ఆ దొంగ ఫర్మ్‌వేర్ పోలేదు.

హార్డ్‌వేర్‌లో పాతుకున్న కీతో సంతకాన్ని సరిచూసే ఏర్పాటు ఉంటే, మార్చిన ఫైలు మొదటి మెట్టులోనే దొరికిపోయేది. ఈ మేలు చిన్నది కాదు. ఇక ముందు చెప్పబోయే విమర్శ ఈ మేలును కాదనదు.

5. గొలుసులో నాలుగు బలహీనతలు

(అ) విశ్వాస మూలమే కదిలితే: పైన చెప్పిన మొదటి కొక్కెం నిజంగా కదలనిదేనా? 2019 మేలో రెడ్ బెలూన్ సెక్యూరిటీ అనే సంస్థ పరిశోధకులు సిస్కో పరికరాలలోని ట్రస్ట్ యాంకర్ అనే భాగంలో లోపాన్ని ప్రకటించారు. ఫర్మ్‌వేర్‌ను సరిచూసే మూలమే ఆ భాగం. 2013 నుంచి కంపెనీ దాన్ని వాడుతోంది. దాన్ని మార్చదగిన ఎఫ్‌పీజీఏ చిప్‌తో నిర్మించారు. ఆ చిప్ ప్రవర్తనను నిర్ణయించే సమాచారం రక్షణ లేని మెమరీలో ఉంది. పరికరంపై పూర్తి అధికారం సంపాదించినవాడు ఆ సమాచారాన్ని మార్చి, సరిచూసే భాగాన్నే నోరు మూయించవచ్చు. కంచే చేను మేయడమంటే ఇదే. కదలదన్న నమ్మకం మీద కట్టినది, కదిలే వస్తువుతో కట్టినందువల్ల వచ్చిన చిక్కు ఇది.

(ఆ) కీ చేతులు మారితే: సంతకానికి విలువ ప్రైవేట్ కీ రహస్యంగా ఉన్నంతకాలమే. 2024 జూలైలో బైనర్లీ అనే సంస్థ 'పీకే-ఫెయిల్' అనే సమస్యను బయటపెట్టింది. ఇది రూటర్లది కాదు, కంప్యూటర్లు, సర్వర్లకు సంబంధించినది. అయినా పాఠం ఒకటే. ప్రయోగాల కోసం తయారుచేసిన ఒక కీ వందల రకాల మోడళ్ళలో అలాగే మార్కెట్లోకి వచ్చింది. ఆ కీ పేరులోనే 'నమ్మవద్దు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలున్నాయి. యంత్రం పేరు చదవదు, లెక్క మాత్రమే సరిచూస్తుంది. లెక్క సరిపోయింది కాబట్టి నమ్మింది.

(ఇ) పాత సంతకం: మూడేళ్ళ క్రితం తయారీదారు విడుదల చేసిన ఫర్మ్‌వేర్‌లో ఒక లోపం ఉందనుకోండి. కంపెనీ దాన్ని సరిదిద్ది కొత్తది ఇచ్చింది. పాత ఫైలుపై ఉన్న సంతకం ఇప్పటికీ నిజమైనదే. దాడి చేసేవాడు ఆ పాత ఫైలును తిరిగి ఎక్కిస్తే పరికరం అభ్యంతరం చెప్పదు. దీన్ని అడ్డుకోవాలంటే, వెనక్కి తిరగని సంఖ్య ఒకటి హార్డ్‌వేర్‌లో ఉండాలి. అంతకంటే తక్కువ సంఖ్య ఉన్న ఫైలును పరికరం తిరస్కరించాలి. సెక్యూర్ బూట్ ఉందన్న పరికరాలన్నింటిలోనూ ఈ ఏర్పాటు ఉంటుందని అనుకోకూడదు.

(ఈ) సంతకం లేని భాగం: సెట్టింగులు ఒక్కో ఇంటికి ఒక్కో విధంగా ఉంటాయి. కాబట్టి తయారీదారు వాటికి ముందుగా సంతకం పెట్టలేడు. వెబ్‌సైటు పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్ సర్వరు ఏదో చెప్పేది సెట్టింగులే. 2011లో అమెరికా ఎఫ్‌బీఐ ఛేదించిన 'డీఎన్ఎస్ ఛేంజర్' ముఠా దాదాపు 100 దేశాలలో 40 లక్షల కంప్యూటర్లకు తమ సర్వర్ల చిరునామాలు అంటగట్టింది. మార్చని పాస్‌వర్డులున్న ఇంటి రూటర్ల సెట్టింగులనూ ఆ మాల్వేర్ మార్చజూసింది. ఫర్మ్‌వేర్ అక్షరం కూడా మారనవసరం లేదు. ముందు వాకిలికి తాళం వేసి దొడ్డివాకిలి తీసి పెట్టినట్టే.

వీటికి తోడు కాలం సంగతి ఒకటి ఉంది. సరిచూపు జరిగేది ఆన్ అయిన క్షణంలో. రూటర్ మాత్రం నెలల తరబడి ఆగకుండా నడుస్తుంది. 2018 మేలో కనీసం 54 దేశాలలో 5 లక్షల పరికరాలకు సోకిన 'వీపీఎన్ ఫిల్టర్' మాల్వేర్‌లో మొదటి భాగం రీబూట్ చేసినా నిలిచేది. అసలు హాని చేసే తరువాతి భాగాలు మెమరీలో మాత్రమే ఉండేవి. అందుకే రూటర్లను ఒకసారి రీబూట్ చేయమని ఎఫ్‌బీఐ ప్రజలను కోరింది. ఉదయం గుమ్మంలో చేసిన తనిఖీ, మధ్యాహ్నం కిటికీలోంచి వచ్చినవాడిని పట్టుకోలేదు.

6. తిరస్కరించిన తరువాత ఏమిటి?

సరిచూపు విఫలమైతే పరికరం ఏం చేయాలి? ఆగిపోవాలన్నది తేలిక జవాబు. కొత్తకోట ఇంటర్నెట్ కేంద్రంలో ఫీజు గడువు చివరి రోజున రూటర్ ఆగిపోతే, భద్రత నెగ్గినట్టా, ఓడినట్టా?

2017 జూలై చివరలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెములు వేల సంఖ్యలో మాల్వేర్ దాడికి గురై పనిచేయడం మానేశాయి. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డును మార్చనివే దెబ్బతిన్నాయి. పాస్‌వర్డు మార్చుకోమని సంస్థ వినియోగదారులను కోరింది. ఇలాంటి దాడిలో పరికరాన్ని వశపరచుకోవడం కంటే దాన్ని పనికిరాకుండా చేయడమే ముఖ్యం. అక్కడ సరిచూపు మాత్రమే ఉంటే, పాడైన పరికరం 'నేను పాడయ్యాను' అని తెలుసుకుని ఊరుకుంటుంది.

ఈ లోటును ముందుగానే గుర్తించినవారున్నారు. 1997లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్బా, ఫార్బర్, స్మిత్ ప్రతిపాదించిన 'ఏజిస్' నమూనాలో, పాడైన భాగాన్ని నమ్మదగిన చోటునుంచి తిరిగి తెచ్చుకునే ఏర్పాటు ఉంది. 2018లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ విడుదల చేసిన 800-193 పత్రం మూడు గుణాలను అడుగుతుంది: రక్షణ, గుర్తింపు, పునరుద్ధరణ. మా దృష్టిలో ఈ మూడవదే అసలైన కొలత. ప్రకటనలు మొదటి రెండింటితో ఆగిపోతాయి. ఫ్లాష్‌లో రెండవ మంచి ప్రతిని భద్రంగా ఉంచి, మొదటిది విఫలమైతే దానితో మేల్కొనే పరికరం కొంచెం ఖరీదైనదే. కాని రిపేరుకు హైదరాబాదు పంపవలసిన ఊళ్ళలోనే ఆ ఏర్పాటు అవసరం ఎక్కువ.

7. పరికరం ఎవరిది?

'అసలు ఫర్మ్‌వేర్' అంటే కంపెనీ ఇచ్చినదేనా? డబ్బు పెట్టి కొన్నవాడు తన ఇష్టపూర్వకంగా మరో ఫర్మ్‌వేర్ వేసుకుంటే అది నకిలీ అవుతుందా? సెక్యూర్ బూట్ ఈ రెంటి మధ్య తేడా చూడదు. కీ సరిపోకపోతే దొంగ అయినా యజమాని అయినా దానికి ఒకటే.

2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్ సోర్సు కోడు బయటికి వచ్చిన తరువాత, దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ మొదలైంది. కంపెనీలు వదిలేసిన ఎన్నో పాత రూటర్లకు దానివల్ల కొత్త ఆయుస్సు వచ్చింది. 2016 ఆగస్టులో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, అనుమతించిన రేడియో శక్తిని మించే వీలు కల్పించినందుకు టీపీ-లింక్‌పై 2 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అదే ఒప్పందంలో, ఇతరుల ఫర్మ్‌వేర్‌ను తమ రూటర్లలో అనుమతించే దిశగా పనిచేయడానికి కంపెనీ అంగీకరించింది. రేడియో నియమాన్ని కాపాడటానికి యజమానిని పూర్తిగా బయట పెట్టనవసరం లేదని ఈ ఒప్పందం చూపింది.

పరికరానికి కంపెనీ మద్దతు ఆగిపోయిన రోజున ఈ ప్రశ్న పదునెక్కుతుంది. లోపమున్న చివరి ఫర్మ్‌వేర్‌ను పరికరం 'అసలుది' అని ప్రతిరోజూ ఒప్పుకుంటుంది. లోపాన్ని సరిదిద్దిన మరొకరి ఫర్మ్‌వేర్‌ను 'నకిలీ' అని తోసేస్తుంది. ఇక్కడ ధ్రువీకరణ భద్రతకు ఎదురు నిలుస్తుంది. యజమాని పరికరాన్ని స్వయంగా తాకి, తెలిసి అనుమతిస్తే తన కీని చేర్చుకునే వీలు ఉండటం న్యాయమని మా అభిప్రాయం.

8. నిబంధనలను ఎలా చదవాలి?

మన దేశంలో టెలికాం పరికరాల భద్రతా అవసరాలను బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ కమ్యూనికేషన్ సెక్యూరిటీ రూపొందిస్తుంది. ఐటీఎస్ఏఆర్ అని పిలిచే ఆ పత్రాలు, ఆన్ అయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ సమగ్రతను సరిచూడాలని కోరుతాయి. టెలికాం రంగంపై జాతీయ భద్రతా ఆదేశాన్ని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2021 జూన్ 15 నుంచి టెలికాం సంస్థలు విశ్వసనీయ మూలాలనుంచి వచ్చిన పరికరాలనే కొత్తగా నెట్‌వర్కులో కలపాలి.

ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. 'విశ్వసనీయ మూలం' పరికరం ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది. సంతకం, కోడు ఎవరిదో చెబుతుంది. ఈ రోజు ఆ పరికరం ఏ స్థితిలో ఉందో తెలియాలంటే మూడవది కావాలి: కొత్త లోపాలను ఎంతకాలం సరిదిద్దుతారన్న హామీ. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలైన చట్టం, అందరికీ ఒకే రకమైన డిఫాల్ట్ పాస్‌వర్డులను నిషేధించింది. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలని కూడా కోరింది. మందుల సీసాపై గడువు తేదీ ఉన్నట్టు, రూటర్ పెట్టెపై ఈ తేదీ ఉండటం మన కొనుగోలుదారుకు కూడా అవసరం.

9. సారాంశం

ఆన్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ సంతకాన్ని సరిచూడటం మంచి పునాది. దాన్నే ఇల్లు అనుకోవడం తప్పు. సంతకం 'ఎవరిది, మారిందా' అన్న వాటికి మాత్రమే జవాబిస్తుంది. 'మంచిదా, ఇప్పటిదా, పాడైతే లేస్తుందా, యజమాని మాట వింటుందా' అన్నవి మిగిలే ఉంటాయి. కాబట్టి మీ ఇంటికో, బడికో, పంచాయతీకో రూటర్ కొనే బాధ్యత మీమీద పడినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు అడగండి: సంతకాన్ని సరిచూసే మూలం హార్డ్‌వేర్‌లో ఉందా? పాత ఫర్మ్‌వేర్‌ను తిరస్కరిస్తుందా? పాడైతే తనంతట తాను కోలుకుంటుందా? అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు వస్తాయి? ఆ తరువాత మన ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చా? జవాబు ఏదైనా, పెట్టె విప్పిన రోజే పాస్‌వర్డు మార్చండి. ఈ పాఠంలో చూసిన దాడులలో చాలా వాటికి దారి ఇచ్చింది అదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విశ్వాస మూలం అంటే ఏమిటి? దాన్ని సరిచూసేవారు ఎందుకు ఉండరు?
2. నిజమైన సంతకం ఉన్న పాత ఫర్మ్‌వేర్ ఎందుకు ప్రమాదకరం?
3. రూటర్ సెట్టింగులకు తయారీదారు ఎందుకు సంతకం పెట్టలేడు?

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో జవాబు రాయండి.
1. 'సంతకం ఒక ముద్ర మాత్రమే' అన్న వాదాన్ని ఉదాహరణలతో పరిశీలించండి.
2. మద్దతు ఆగిపోయిన పరికరంలో ధ్రువీకరణ భద్రతకు ఎదురు నిలుస్తుందన్న అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు చూపండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో జవాబు రాయండి.
1. సిన్‌ఫుల్ నాక్ ఉదంతం నుంచి నేర్చుకోవలసిన రెండు విషయాలు తెలపండి.
2. రక్షణ, గుర్తింపు, పునరుద్ధరణలలో మీ ఊరి పరిస్థితులకు ఏది ఎక్కువ అవసరమో వివరించండి.